మాట పోయిన మనిషి సమ్మతి

ఆయన మిర్చి యార్డులో గుమస్తా. ఎడమ మెదడులో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏం అడిగినా "అది... అది" తప్ప ఇంకో మాట లేదు. "శనివారం భజనలో ఈయనే అందుకునేవారు డాక్టరమ్మా" అంది భార్య. ఓపీలోనే మెల్లగా "శ్రీరామ జయరామ" ఎత్తుకున్నాను. రెండో ఆవృత్తికి ఆయన గొంతు కలిసింది. ఒక్క అక్షరం జారలేదు. పాట ఆపగానే మళ్లీ "అది... అది". ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాట మిగిలి మాట పోవడం న్యూరాలజీలో ఎప్పటినుంచో తెలిసిందే. 1973లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే పరిశోధకులు దాన్నే చికిత్సగా మలిచారు: మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. రోజూ అవసరపడే మాటని రెండు స్వరాల్లో పాడిస్తూ, రోగి ఎడమ చేతిని పట్టుకుని అక్షరానికో దెబ్బ వేయిస్తారు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పాటని మాటలోకి దింపుతారు. ఇంగ్లీషులో నొక్కి పలికేచోట పై స్వరం పెడతారు. తెలుగులో అలాంటి నొక్కు లేదే! చాలా రాత్రులు వీణ ముందు కూర్చుని ఇదే ఆలోచించాను. చివరికి ఛందస్సు దారి చూపింది. గురువుకి గాంధారం, లఘువుకి షడ్జం. "నీళ్లు కావాలి" అంటే గ స, గ గ స. ఐదు దెబ్బలు.

ఇది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలంటే అధ్యయనం చేయాలి, దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. నా ప్రతిపాదన రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చి చూడటానికి ఈ చికిత్స ఇవ్వని రోగుల గుంపు, లేదన్నారు. నిజమే. స్ట్రోక్ తర్వాత తొలి నెలల్లో మాట కొంత తనంతట తానే తిరిగొస్తుంది, ఆ మేలుని నా పాట ఖాతాలో వేసుకోకూడదు. రెండోసారి కమిటీలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అడిగారు: "మాట రాని మనిషి వద్దని ఎలా చెప్తారమ్మా? అడిగేది వైద్యం చేస్తున్న మీరే అయితే అసలు చెప్పగలరా?"

ఆ ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. పాట మీద ప్రేమతో నేనెంత తొందరపడుతున్నానో అప్పుడు కనిపించింది. సమ్మతి పత్రం మొత్తం బొమ్మలతో మళ్లీ తయారుచేశాం: పాట, చేతి దెబ్బ, కెమెరా, ఇంటికి వెళ్లిపోయే మనిషి. ఒక్కో బొమ్మకీ విడిగా అవును, కాదు. కుటుంబసభ్యుల సంతకం ఎలాగూ ఉంటుంది, రోగి తల అడ్డంగా ఊపితే మాత్రం అది చెల్లదు. అడిగే పని నాది కాదు, ఈ చికిత్సతో సంబంధం లేని రెసిడెంటు డాక్టరుది. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో తెలియని స్పీచ్ థెరపిస్టు మాటకి మార్కులు వేస్తారు.

అనుమతి, సీటీఆర్ఐలో (దేశంలో జరిగే వైద్య అధ్యయనాల రిజిస్ట్రీ) నమోదు పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. గుమస్తాగారికి ఈలోగా చికిత్సగానే నేర్పేశాను కాబట్టి ఆయన్ని చేర్చుకునే వీల్లేదు. ఇంట్లో నీళ్లు అడుగుతున్నారట, సగం పాటగా, సగం మాటగా.

మొదట చేరినావిడ కుట్టుపని చేసుకునే మనిషి. ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకుని పాట బొమ్మ పక్కన వంకరగా టిక్కు పెట్టింది. కెమెరా బొమ్మ దగ్గర చాలాసేపు ఆగి, ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డగీత కొట్టింది. ఆవిడకి ఆడియో మాత్రమే రికార్డు చేస్తున్నాం.