తలుపు వేసి అడగాల్సిన ప్రశ్న

ఈరోజు గర్భిణుల పరీక్షలు. బీపీ పట్టీ చుట్టడానికి ఓ అమ్మాయి జాకెట్టు చెయ్యి పైకి జరిపితే, మోచేతి పైన నాలుగు వేళ్ల అచ్చు. అప్పుడే పసుపు తిరుగుతోంది. "ఏమైందమ్మా?" అన్నాను. పక్కనున్న అత్తగారు వెంటనే "బాత్రూంలో జారిందండీ" అనేసింది. ఆ పిల్ల తల ఎత్తలేదు.

తప్పు నాదే. ఇంట్లోవాళ్ల ముందు అడగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా హింస గురించి ఇంటికొక్క ఆడమనిషినే, అదీ ఏకాంతంలోనే అడుగుతారు. అలా అడిగితేనే 2019-21 సర్వేలో, పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు.

అత్తగారిని మందుల కిటికీ దగ్గరికి పంపి తలుపు వేశాను. "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా తల్లీ? నువ్వు చెప్పింది నేను వాళ్లతో అనను."

చాలాసేపు మౌనం. "తాగినప్పుడే సిస్టర్."

"కడుపు మీద తగిలిందా?" అంటే మాట్లాడకుండా కళ్లు తుడుచుకుంది. వెంటనే డాక్టరమ్మను పిలిచాను. బిడ్డ గుండె చప్పుడు బాగుంది.

హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం గురించి, 2005 గృహహింస చట్టం గురించి చెప్పాను. ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఆ చట్టం కాపాడుతుందంటే నమ్మలేనట్టు చూసింది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు రాసివ్వబోతే "కాగితం వద్దు సిస్టర్, వెతుకుతారు" అంది. అందుకే నోటితోనే చెప్పించాను, మూడుసార్లు: ఒకటి ఎనిమిది ఒకటి.

వచ్చే నెల మళ్లీ రావాలి. అప్పటిదాకా నాకు నిద్ర సరిగా పట్టదు.