ప్రెసిషన్ బేస్‌తో జేమర్సన్ నాదం రాబట్టడం: విజయనగరంలో నా అనుభవం

మోటౌన్ (అమెరికాలో డెట్రాయిట్ రికార్డు కంపెనీ) పాటల్లో బేస్ గిటార్ విన్నప్పుడు నన్ను ముందు పట్టుకున్నది స్వరం మోగే తీరు కాదు, ఆగే తీరు. మా వైపు జముకుల కథ విన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జముకు తీగ బిగించి మీటితే గుప్పున మోగి అంతలోనే అణిగిపోతుంది. 1960ల్లో డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్‌కీ అదే గుణం. 1962 ఫెండర్ ప్రెసిషన్, లా బెల్లా వాళ్ల లావుపాటి ఫ్లాట్‌వూండ్ (పైన చదునైన రేకు చుట్టిన) తీగలు, బ్రిడ్జి (తీగల అడుగు చివర ఆనే భాగం) మూత కింద ఫోమ్ ముక్క, కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. ఇదీ ఆయన సరంజామా. అన్నేళ్లు అన్ని పాటలకు వాయించినా, మోటౌన్ ఆల్బం మీద ఆయన పేరు పడింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ నాదానికి ఖరీదైన వాయిద్యం అక్కర్లేదు. ప్రెసిషన్ నమూనాలో ఏ బేసైనా చాలు. పనులు చేసే వరస మాత్రం తప్పకూడదు.

తీగలు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను. జేమర్సన్ సెట్టు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, సన్న తీగ నుంచి లావు తీగకి, 52, 73, 95, 110. మామూలు సెట్టు 45, 65, 85, 105. అందరూ అన్నిటికన్నా లావైన ‘ఇ’ తీగ నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో పట్టదేమో అనుకుంటారు. తేడా చూడండి: ‘ఇ’కి 5, దాని పక్కనున్న ‘ఎ’కి 10. ఇరుక్కునేది ‘ఎ’ తీగే. శ్రుతి చేస్తుంటే కాసేపు కదలదు, తర్వాత టిక్కుమని ఒక్కసారి పైకి గెంతుతుంది. అలా గెంతిందంటే గాడి ఇరుకని అర్థం. పాత ‘ఎ’ తీగ ముక్కకి 400 నంబరు ఎమరీ పేపరు చుట్టి గాడి పక్కగోడల్ని మాత్రమే రుద్దాలి. అడుగు తాకితే గాడి లోతైపోయి, తీగ ఖాళీగా మీటినప్పుడు మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) మీద జర్రుమంటుంది.

ఫ్లాట్‌వూండ్ తీగని నేరుగా కత్తిరించకండి. పెగ్గు దాటాక ఓ 10 సెంటీమీటర్లు వదిలి, అక్కడ నిలువుగా మడిచి, మడత అవతల కత్తిరించాలి. మడవకుండా కోస్తే పైన చుట్టిన రేకు లోపల జారిపోతుంది. ఇక ఆ తీగ ఎంత కొత్తదైనా మోగదు.

లావు తీగలు నెక్‌ని ముందుకి లాగుతాయి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు కొలవండి. 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఉక్కు కడ్డీని) కుడివైపు పావు చుట్టు తిప్పి, ఆ రాత్రికి వదిలేసి, పొద్దున్న మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకూడదు. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఈ కొలత చూసుకోవాలి. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు నేను లావు వైపు 2.4, సన్నం వైపు 2 మిల్లీమీటర్లు ఉంచాను.

ఇంటొనేషన్ (నెక్ పొడవునా స్వరం సరిగ్గా పలకడం) చూసుకున్నాకే ఫోమ్. నేను ఫోమ్ ముందు పెట్టేశాను. పన్నెండో ఫ్రెట్ హార్మొనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) అసలు పలకలేదు, మళ్లీ మొదటికి రావాల్సొచ్చింది. పన్నెండో ఫ్రెట్ నొక్కినప్పుడు స్వరం ఆ హార్మొనిక్ కన్నా ఎక్కువ పలికితే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కని) వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకి. ఆ తర్వాతే 8 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఫోమ్ ముక్కని బ్రిడ్జికి ఆనించి తీగల కింద దూర్చాలి. తీగని తాకాలి, పైకి ఎత్తకూడదు. ‘ఇ’ తీగ మరీ చచ్చిపోయినట్టు పలికితే ఆ చోట ఫోమ్‌ని బ్లేడుతో కొంచెం లోతుగా గీయండి.

అసలు కష్టమంతా వేలు దగ్గరే. జేమర్సన్ ముందు నిలువు బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) నేర్చినవాడు, ఒంటివేలు అలవాటు అక్కణ్ణుంచి వచ్చింది. వేలిని బయటికి లాగితే ముంజేయి నిమిషంలో బిగుసుకుపోతుంది. తీగని కిందికి నొక్కుతూ దాటించి, వేలు పక్క తీగ మీద ఆగాలి. సన్న తీగ నుంచి లావు తీగకి దిగేటప్పుడు అదే ఊపులో వేలు జారుతూ రెండు స్వరాలూ మీటుతుంది. ఎక్కేటప్పుడు ఆ సుఖం లేదు, ప్రతిదీ విడిగా మీటాలి. మెట్రోనోమ్ 60 మీద దెబ్బకి నాలుగు మీట్లతో మొదలుపెట్టి, అన్నీ ఒకే బరువుతో పడ్డాకే 65కి వెళ్లాను.

రికార్డింగ్‌కి ఆంప్ వద్దు. మోటౌన్‌లోనూ బేస్ నేరుగా కన్సోల్‌కే (స్టూడియో మిక్సింగ్ బల్లకే) వెళ్లేది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (బేస్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టెలో) ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి, గట్టి దెబ్బ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ స్థాయి) పెట్టాలి. మన ఇళ్లల్లో పీడించేది కరెంటు హమ్ (గుయ్యిమనే మోత). అది 50 హెర్ట్జ్. ‘ఇ’ తీగ మూడో ఫ్రెట్ మీద ‘జి’ స్వరం 49 హెర్ట్జ్. రెండూ కలిస్తే సెకనుకోసారి ఊగుతున్నట్టు వినిపిస్తుంది, అందుకే నా శ్రుతే తప్పిందని చాలాసేపు పెగ్గు తిప్పుతూ కూర్చున్నాను. ఫిల్టర్‌తో హమ్ కోస్తే స్వరం కూడా పోతుంది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. అప్పటికీ ఉండి, తీగ ముట్టుకుంటే పెరుగుతుంటే, బ్రిడ్జి కింద గ్రౌండ్ వైరు ఊడిందేమో విప్పి చూడాలి.

పాట కలిపేవాళ్లకి ట్రాక్ పంపేటప్పుడు కంప్రెషన్ (గట్టి, మెల్లని దెబ్బల తేడా తగ్గించడం), ఈక్యూ (నాదం రంగు మార్చడం) ఏమీ వేయను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, పాట సున్నా సెకను నుంచి మొదలయ్యేలా పెట్టి పంపిస్తాను. అప్పుడు అవతలివాళ్లు మృదంగం పక్కన పెట్టుకుని ఫోమ్ ఎక్కువైందో తక్కువైందో చెప్పగలుగుతారు.