ప్యాటీల లెక్క తేలాకే కుట్టుదారం

ఆపరేషన్ థియేటరు (ఓటీ) నుంచి బయటికొచ్చి గంట కాలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఒడిశాలోని బ్రహ్మపురంలో న్యూరో ఓటీ స్క్రబ్ నర్సుని, అంటే సర్జన్ పక్కనే నిలబడి పనిముట్లు అందించే నర్సుని. ఇవాళ్టి కేసు మెదడులో గడ్డ.

మొదటి పనులన్నీ సాఫీగా అయ్యాయి. రోగి సోంపేట మనిషి. పేరు, ఏ పక్క ఆపరేషనో ఆయన నోటితోనే చెప్పించి ఎమ్మారై ఫిల్ముతో సరిచూశాం. యాంటీబయాటిక్ కోతకు ముందు గంటలోపే పడింది. మెదడు వాపు తగ్గించే, మూత్రం ఎక్కువ తెప్పించే మానిటాల్‌కి ముందే యూరిన్ కాథెటర్ వేశాం. చలికి 20 శాతం మానిటాల్ సీసాలో స్ఫటికాలు కడతాయి. వెలుతురుకి పెట్టి చూసి, ఉంటే వేడినీళ్లలో కరిగించి, ఫిల్టరున్న సెట్టుతోనే ఎక్కించాలి.

గొడవంతా డ్యూరా (మెదడు మీది పొర) మూసే ముందు. ప్యాటీ అంటే తోకలా దారం ఉన్న చిన్న దూది ముక్క. రక్తంలో తడిస్తే మెదడు పక్కన ఆనవాలే దొరకదు. లోపల ఉండిపోతే వాపు, చీము. కొన్నాళ్లకు స్కానులో గడ్డ మళ్లీ వచ్చినట్టే కనబడుతుంది. అందుకే కోతకు ముందు, డ్యూరా మూసే ముందు, చర్మం కుట్టే ముందు లెక్క. నేను తెలుగులో, బయట తిరిగే సిస్టరు ఒడియాలో, ఇద్దరం పైకే లెక్కపెడతాం. బోర్డు మీద అంకె ఒక్కటే ఉండాలి.

బోర్డు మీద 20. చేతికొచ్చినవి 19.

"నీకు లెక్కలు కూడా రావా? దారం ఇవ్వు," అన్నారు సర్జన్, అందరి ముందూ. ఇవ్వలేదు. "ఒకటి తక్కువుంది సార్, లోపల ఒకసారి చూడండి," అన్నాను. విసుక్కుంటూనే సెలైన్‌తో కడిగి, ఎముక అంచు కిందా, మెదడుని పక్కకు పట్టి ఉంచే రిట్రాక్టరు కిందా వెతికారు. ఈలోగా సిస్టరు బకెట్టు గుడ్డమీద బోర్లించి ఒక్కొక్కటే విడదీసింది, ఎందుకంటే రెండు అతుక్కుంటే ఒకటే అనిపిస్తుంది. సక్షన్ బాటిలు, నేల, చెప్పుల అడుగులు కూడా చూసింది. ఇక సీ-ఆర్మ్ (ఓటీలోకి తెచ్చే ఎక్స్‌రే మెషీను) పిలవడమే అనుకుంటుండగా, రోగి మీద కప్పిన డ్రేపుకుండే సంచి అడుగున, నెత్తుటి నీళ్లలో దొరికింది. నా గిన్నెలో వేయాల్సింది అసిస్టెంటు డాక్టరు అందులో పడేశాడు. ఆయన్నెవరూ పల్లెత్తు మాటనలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకు చెబుతున్నా: ప్యాటీని కత్తిరించి ఇమ్మంటే ఇవ్వకండి, చిన్న సైజు కట్ట విప్పండి. విప్పిన కట్టలో పదికి తొమ్మిదే ఉంటే మొత్తం కట్టి, చీటీ అంటించి పక్కన పెట్టేయండి. ఎక్స్‌రే గీత లేని సరుకు చవకని స్టోరు వాళ్లు అంటగడతారు. అది పోతే సీ-ఆర్మ్‌కీ కనబడదు, తిప్పి పంపండి. తేడా వచ్చి దొరికినా, ఎక్కడ దొరికిందో రిజిస్టరులో రాసి సర్జన్ సంతకం తీసుకోండి. "దొరికిందిగా, వదిలేయండి సిస్టర్" అంటారు. నేను రాశాను. ఆయన సంతకం పెట్టారు.