సి షిఫ్టు తరువాతి నిద్ర

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే పేర్లు గల మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజం నుంచి ఇనుమును కరిగించి తీసే భారీ కొలిములు ఉన్నాయి. ఒకసారి రాజుకున్న బ్లాస్ట్ ఫర్నేసును రోజూ రాత్రి ఆర్పి తెల్లవారాక వెలిగించడం కుదరదు కాబట్టి, అటువంటి ఫర్నేసు ఉన్న ప్రతిచోటా అర్ధరాత్రి దాటాక కూడా కొందరు మేలుకొని ఉండవలసిందే. ఉదయం ఆరింటికి ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు, రాత్రి పదింటికి సి షిఫ్టు: ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాకలలో ఎన్నో ఇళ్ల వంట వేళలు, పిల్లల చదువులు, చుట్టాల రాకపోకలు ఈ లెక్క ప్రకారమే నడుస్తాయి. ఇటువంటి కుటుంబాల మధ్య చాలాకాలంగా బతుకుతున్నందువల్ల ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సి షిఫ్టు చేసినవారు పగలు పడుకునే నిద్రను మనం తీరిక కింద లెక్కగడుతున్నాం. హెల్మెట్‌కూ సేఫ్టీ బూట్లకూ ఇచ్చే విలువను దానికి కూడా ఇవ్వాలి.

మన మెదడు లోతున ఉన్న నాడీకణాల చిన్న గుంపు ఒకటి శరీరానికి గడియారంగా పనిచేస్తుంది. ఆ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో పండ్ల మీద వాలే చిన్న ఈగలలో పరిశోధించి కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. అది ప్రధానంగా వెలుతురును బట్టి తనను తాను సరిచేసుకుంటుంది; డ్యూటీ చార్టు దానికి పట్టదు. అందువల్ల ఎంత అనుభవం ఉన్నవారికైనా తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య శరీరం చల్లబడి, రెప్పలు బరువెక్కి, చూపు మీటరు మీద ఉన్నా అంకె బుర్రకెక్కని స్థితి వస్తుంది. మన దేశ విమానయాన నియమాలు రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు వరకు గల సమయాన్ని పైలట్ల విషయంలో ప్రత్యేకంగా గుర్తించడానికి కారణం ఇదే. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపించారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 0.03 శాతమే. ఉదయం ఆరింటికి లేచి, పగలు కునుకైనా తీయకుండా సి షిఫ్టుకు వచ్చినవారికి రాత్రి పదకొండింటికే, అంటే డ్యూటీ ఎక్కిన గంటకే, ఆ పదిహేడు గంటలు నిండిపోతాయి.

కాబట్టి మొదటి సి షిఫ్టు రోజున మధ్యాహ్నం భోజనం చేశాక గంటన్నర పడుకోవడం బద్ధకం కాదు, ఆ రాత్రి పనికి అది ముందస్తు ఏర్పాటు. టీ విషయంలోనూ వేళ చూసుకోవాలి. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ ఉదయం తొమ్మిదింటికి పక్క మీద చేరినా మనల్ని వదలదు. టీలు రాత్రి ఒంటిగంటలోపే ముగించడం మేలు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు షిఫ్టు మారినప్పుడు వేళలను సొంతంగా సర్దుకోకుండా వైద్యుణ్ణి అడగాలి. పెద్దగా గురక పెట్టేవారు, ఎంత పడుకున్నా మగతగా ఉండేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఉదయం ఆరు దాటాక జాతీయ రహదారి మీద లారీల మధ్య ద్విచక్ర వాహనంపై ఇంటికి చేరడం. కళ్లు మూతలు పడుతున్నప్పుడు పావుగంట ఎక్కడైనా కూర్చొని కునుకు తీసి బయలుదేరడంలో చిన్నతనమేమీ లేదు. బస్సు ఉంటే బస్సే ఎక్కాలి.

ఇక ఇల్లు. విశాఖలో మే నెల ఉక్కపోతలో పగలు పది గంటలకు నిద్రపోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. గదికి దట్టమైన తెరలు, తిరిగే ఫ్యాను కావాలి, ఫోను పక్క గదిలో ఉండాలి. కూరగాయల బండి మైకును ఆపలేం గాని, కాలింగ్ బెల్‌ను ఆపవచ్చు. మగవాడు సి షిఫ్టు దిగి వస్తే "మీ నాన్న పడుకున్నారు, అరవకండి" అని పిల్లలను అదుపులో పెట్టే తల్లి ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సుకు ఆ మాట అనేవారు ఎందరున్నారు? ఆమె వస్తూనే పొయ్యి వెలిగిస్తుంది, క్యారేజీలు కడుతుంది, పిల్లలను బడికి పంపి, బట్టలు ఆరవేసి, పదకొండింటికి నడుం వాలిస్తే రెండింటికల్లా ఎవరో ఒకరు తలుపు తడతారు. పెద్దవాళ్లు ఏడు గంటలకు తక్కువ కాకుండా నిద్రపోవాలని వైద్యులు చెబుతారు. ఆమెకు అందులో సగమైనా దక్కదు. మిగిలిన సగాన్ని ఇవ్వవలసింది ఆమె భర్త, అత్తమామలు, ఎదిగిన పిల్లలు. వంట వేరొకరు చేసినంత మాత్రాన ఇంటి మర్యాద తగ్గదు.

సంస్థలు చేయవలసినది కూడా చాలా ఉంది. సి షిఫ్టు దిగినవారిని అదే రోజు పదింటికి శిక్షణ తరగతికో సమావేశానికో రమ్మనే అలవాటు నేను పలుచోట్ల చూశాను, దానిని మానుకోవాలి. షిఫ్టులు తిరిగే దిశ కూడా ముఖ్యమే. మనిషి లోపలి గడియారం సహజంగా 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువే తీసుకుంటుంది కనుక, నిద్రను ముందుకు జరుపుకోవడం కంటే ఆలస్యం చేసుకోవడం సులువు. అందుచేత ఏ నుంచి బికి, బి నుంచి సికి మారడం శరీరానికి అనుకూలం. దీనికి ఎదురు దిశలో, వారపు సెలవు మధ్యలో లేకుండా, రాత్రి పదింటికి బి షిఫ్టు దిగినవారిని మర్నాడు ఉదయం ఆరింటికి ఏ షిఫ్టుకు రప్పిస్తే, ఆ ఎనిమిది గంటల్లోనే ప్రయాణం, భోజనం, నిద్ర, మళ్లీ తయారై రావడం అన్నీ ఇమడాలి. కార్మిక సంఘాలు వేతనాలపై చర్చలకు కూర్చున్నప్పుడు ఈ రోస్టరును కూడా బల్ల మీద పెట్టాలని నా కోరిక. దీన్ని సరిచేయడానికి కొత్త యంత్రాలు కొనవలసిన పని లేదు.