గురుగ్రామ్ పాత క్వారీలో పిట్టల లెక్క

గురుగ్రామ్‌లో ఆఫీసు టవర్లకు కూతవేటు దూరంలో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉంది. నాలుగొందల ఎకరాలకు కాస్త తక్కువ. ఒకప్పుడు రాళ్ల కోసం తవ్వి వదిలేసిన గుట్టలివి. 2010లో పార్కుగా మార్చడం మొదలుపెట్టి, సర్కారు తుమ్మ తీసేస్తూ ఆరావళి చెట్లనే పెంచుకొచ్చారు. మన అడవుల్లోనూ ఉండే తపసి, అందుగు, సండ్ర, మోదుగ ఇక్కడ కనిపిస్తే నాకు సొంతవాళ్లు ఎదురైనట్టే ఉంటుంది.

ప్రపంచమంతా మామూలు జనం తమ చుట్టూ ఉన్న పక్షుల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. దానికి ఈసారి నేనూ పేరు కలపాలనుకున్నాను. పేరు నమోదు అంటూ ఏమీ లేదు. ఫోన్‌లో, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్ పెట్టుకుని, ఖాతా తెరిచి, నడక మొదలుపెట్టగానే లిస్టు ప్రారంభించాలి. సమయం, దూరం అదే లెక్కేసుకుంటుంది. కనీసం పావుగంట చూడాలి.

తిప్పలంతా అంకెల దగ్గరే. కౌజులు పొదల్లోంచి బయటికి రావు, అరుపులే వినిపిస్తాయి. విన్నవీ లెక్కే, కానీ గొంతు ఏ పక్కనుంచి వస్తోందో పట్టుకోకపోతే ఒకటే రెండవుతుంది. నెమళ్లతో ఇంకో గొడవ: ముందు చూసినదే మలుపు తిరిగి మళ్లీ ఎదురొస్తుంది. అనుమానమొస్తే తక్కువ అంకే వేశాను. చలికాలానికి వచ్చే చిన్న పచ్చటి వార్బ్లర్లు చెట్టుకొసన ఎగురుతుంటే ఏ జాతో తేల్చడం నా వల్ల కాలేదు. దానికీ దారుంది: ‘లీఫ్ వార్బ్లర్, జాతి తెలియదు’ అని రాయొచ్చు. ఊహించి పేరు పెట్టడం కన్నా అదే నయం.

చివర్లో యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? పిగిలిపిట్టలు, గోరువంకలు ఎవరికి కావాలిలే అని వదిలేస్తే ‘అవును’ అనకూడదు. అందరూ అరుదైనవే రాస్తే మామూలు పిట్టలు తగ్గుతున్న సంగతి ఎలా తెలుస్తుంది? ఒక పిట్ట సంఖ్య ఎక్కువగా ఉందని యాప్ వివరం అడిగింది. అంత టెన్షన్ పడాల్సిందేమీ కాదు. గుంపుగా మోదుగ మీద వాలాయని, ఎలా లెక్కపెట్టానో రెండు ముక్కలు రాసి పంపించాను.

2022లో ఈ పార్కుకి, అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న చోటుగా దేశంలోనే మొదటి గుర్తింపు వచ్చింది. నీలుగాయిలు, నక్కలు కూడా ఉన్నాయి. మీరు వెళ్తే పచ్చిక, పూలతోటలు ఆశించకండి. ముళ్లపొదల వైపు పొద్దున్నే వెళ్లండి, పిట్టలన్నీ అక్కడే.