విమానం కింద నల్ల పట్టీలు

మా నాన్న నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాశారు. రసూల్‌పురాలో మా గల్లీకి బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గరే. ఆయన రేకు మీద అక్షరాలు దిద్దుతుంటే నేను పక్కన కూర్చుని, దిగే విమానాలు లెక్కపెట్టేదాన్ని. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు వెళ్లిపోయాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫ్లెక్సీల వల్ల నాన్నకు పని తగ్గిపోయింది. కుంచెలు కడిగి, నూనె రాసి, ఒక రేకు డబ్బాలో పెట్టేశారు.

ఇప్పుడు నాకు 42. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్లుగా రేడియో కంట్రోల్ విమానాలు కడుతున్నాను. ఎలా మొదలుపెట్టాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. కట్టడం గురించీ మోటార్ గురించీ చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు కాబట్టి అవి త్వరగా చెప్పేస్తాను. రంగుల సంగతి మాత్రం నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నాన్నే చెప్పారు, అదీ ఒక విమానం పోయాక.

మొదటి విమానానికి బాల్సా చెక్క వద్దు. తేలికైనది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒక్కసారి నేలకు గట్టిగా తగిలిందంటే వారం రోజుల మరమ్మతు. రెండు వైపులా కాగితం అంటించిన 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు తీసుకోండి. నేను తొందరపడి ఫ్లెక్సీ దుకాణాల్లో వాడే సన్‌బోర్డు తెచ్చాను. ఆ బరువుకు రెక్క ఒక్కటి కోసేసరికే అర్థమైంది, అది పనికిరాదని. రెక్క, నేర్చుకునేవాళ్ల విమానాలకు (ట్రైనర్లకు) ఉన్నట్టు, పైన ఉండాలి. నాది ఈ చివర నుంచి ఆ చివరకు 120 సెంటీమీటర్లు. రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉంటే విమానం ఒక పక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. అందుకే కొత్తవాళ్లకు థ్రాటిల్ (మోటార్ వేగం), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (కుడికీ ఎడమకూ తిప్పేది), ఈ మూడు చాలు. తోకలో కదిలే భాగాల దగ్గర ఒక పక్క కాగితం తెగకుండా కోసి, అంచును 45 డిగ్రీల్లో చెక్కితే, మిగిలిన ఆ కాగితమే మడతబందుగా పనిచేస్తుంది. అంటించడానికి గ్లూ గన్. ఇన్‌స్టంట్ జిగురు మాత్రం వాడకండి, అది ఫోమ్‌ను తినేస్తుంది.

అంతా బిగించాక బ్యాటరీ కూడా పెట్టి తూకం చూడాలి. రెక్క వెడల్పును ముందు అంచు నుంచి నాలుగు భాగాలు చేయండి. మొదటి భాగం అయ్యే గీత దగ్గర, అటూ ఇటూ ఒక్కో వేలు కింద పెట్టి లేపండి. విమానం సమంగా నిలవాలి, ముక్కు ఇసుమంత కిందికి ఉన్నా మంచిదే. పతంగికి దారం ఎక్కడ కట్టాలో చూసుకున్నట్టే ఇది కూడా. తోక బరువైతే మాత్రం ఎగరేయకండి. బ్యాటరీని ముందుకు జరపండి.

మోటార్ మీద 2212, 1000 కేవీ అని ఉంటుంది. 22 మిల్లీమీటర్ల అడ్డం, 12 మిల్లీమీటర్ల ఎత్తు అనేది లోపలి తీగచుట్టల భాగం కొలత. 1000 కేవీ అంటే ఏ బరువూ లేకుండా తిరిగితే ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు. మూడు సెల్స్ ఉన్న లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మామూలుగా 11.1 వోల్టులు, పూర్తిగా ఎక్కించాక 12.6. దీనికి 10×4.5 ప్రొపెల్లర్ (10 అంగుళాల పొడవు, 4.5 అంగుళాల మెలిక), మోటార్ వేగాన్ని అదుపు చేసే 30 యాంపుల ఈఎస్‌సీ, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, తోకలో భాగాలను కదిపే రెండు 9 గ్రాముల సర్వోలు (చిన్న మోటార్లు). బ్యాటరీని కలిపే ఎక్స్‌టీ60 కనెక్టర్లు, వైరు, టంకం వేసే సీసం, ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క సాయంత్రంలో దొరికాయి. ఆరు చానళ్ల ఫ్లైస్కై రిమోట్, ఛార్జర్ కలిపి నాకు మొత్తం 11,000 రూపాయల దాకా అయింది. మోటార్ వెనక్కి తిరిగితే కంగారు పడకండి. మూడు వైర్లలో ఏ రెండింటిని మార్చి కలిపినా సరిగ్గా తిరుగుతుంది. ఇంట్లో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేసి ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

బ్యాటరీ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. పోయిన ఏప్రిల్‌లో పూర్తిగా ఛార్జ్ చేసి, ఆఫీసు ఆడిట్ పనిలో పడి మర్చిపోయాను. ఎండాకాలమంతా అది అలమారాలోనే ఉంది. జూన్‌లో తీస్తే పొంగిన పూరీలా ఉబ్బి ఉంది. పక్కన పెట్టి ఉంచే బ్యాటరీలో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉండాలి. ఛార్జర్‌లో స్టోరేజ్ అని ఒక మోడ్ ఇందుకే ఉంటుంది. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 యాంపులు మించి ఎక్కించకుండా ఉంటే దానికి ఆయుష్షు. ఛార్జ్ అవుతున్నంతసేపూ అదే గదిలో ఉండండి. ఉబ్బినదాన్ని గుచ్చడం, నొక్కడం చేయకండి. అందులో మంట ఉంది.

ఇక ఎక్కడ ఎగరేయాలి? మన హైదరాబాద్‌లో ఇదే పెద్ద ప్రశ్న. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఎటు చూసినా రన్‌వేనే. 2021 డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడుగా విడదీశాయి. ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీరు వెళ్లే చోటు ఏ రంగులో ఉందో చూడకుండా బయలుదేరకండి. ఆకుపచ్చలో కూడా 400 అడుగులు దాటకూడదు. మేము బీబీనగర్ దాటి, మా అమ్మ తరఫు చుట్టాల పొలానికి వెళ్తాం. వరి కోసేశాక మడి ఖాళీగా ఉంటుంది. తెల్లారి ఆరున్నరకు గాలి ఉండదు. ఎనిమిది దాటితే మొదలవుతుంది.

డిసెంబరులో ఒక ఆదివారం అక్కడే మొదటిసారి ఎగరేశాను. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద నెలన్నర సాధన చేశాను కాబట్టి చేతులు వణకలేదు. అప్పటికి దానికి రంగు నేనే వేశాను. పైన తెలుపు, కింద లేత నీలం. చిన్నప్పుడు చూసిన విమానాల్లా ఉండాలని నా కోరిక. స్ప్రే డబ్బాతో మొదలుపెడితే, ముక్కు దగ్గర వంచడానికి కాగితం ఊడదీసిన చోట ఫోమ్ కరిగి గుంటలు పడింది. మిగతాది నీళ్లలో కలిపే యాక్రిలిక్‌తో పూర్తిచేశాను.

విమానం లేచింది. రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో 150 మీటర్లు దాటి ఉంటుంది, నా కళ్లముందే ఆకాశంలో కలిసిపోయింది. అంటే కనబడుతూనే ఉంది, కానీ బూడిద రంగు గీతలా. నా వైపు వస్తోందా, దూరం పోతోందా? పైభాగం చూస్తున్నానా, కిందిభాగమా? మనకు ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను పోతోందనుకున్నాను, అది వస్తోంది. ఒరిగినదాన్ని సరిచేయబోయి ఇంకా ఒరగనిచ్చాను. గట్టు మీద పడింది. రెక్క రెండు ముక్కలు.

నాన్న గట్టు దాకా నడిచి వెళ్లి ముక్కలు ఏరుకొచ్చారు. కోప్పడలేదు. రెక్కను తిప్పి చూసి, "మొగులు రంగు దానికి మొగులు రంగే పూస్తే ఎట్ల కనబడ్తది బిడ్డా?" అన్నారు.

ఆ రాత్రి రేకు డబ్బా తెరిచారు. కొత్త రెక్క కోసి ఇస్తే ముందు దాన్ని డాబా మీద దండేనికి వేలాడదీయమన్నారు. వీధి చివరికి పోయి నిలబడి చూశారు. బోర్డు రాసేవాడు ముందు దూరం వెళ్లి చూడాలట. బస్సులో పోయేవాడికి మూడు క్షణాలే ఉంటాయి, ఆ మూడు క్షణాల్లో చదవగలగాలి. పసుపు మీద నలుపు అన్నిటికన్నా దూరం కనబడుతుందని ఆయన లెక్క. ఇంకో మాట కూడా చెప్పారు. ఎండకు ఎదురుగా బోర్డు ఉంటే రంగు కనబడదు, ఆకారం ఒక్కటే కనబడుతుంది. ఆకాశంలో విమానానికి ఎప్పుడూ వెనక వెలుతురే కదా. కాబట్టి ఏ రంగు వేశామన్నది రెండో సంగతి. పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ ఆకారం తేడా ఉండాలి.

అలా తేల్చుకుని, పైన మొత్తం పసుపు పూశారు. కింద తెలుపు మీద, ఎడమ రెక్కకు మాత్రం అరచేయంత వెడల్పు నల్ల పట్టీలు రెండు. కుడి రెక్క కింద ఏమీ లేదు. సన్న గీతలు వద్దన్నారు, దూరానికి అవి చెరిగిపోతాయి.

రేకు మీద ఆయన ఎప్పుడూ రెండు పూతలు వేసేవారు. ఇక్కడ అది కుదరదని నేను వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చి పెట్టాను. పూయకముందు రెక్క 188 గ్రాములు. పల్చగా ఒక్క పూత వేసి ఆరాక 201. ఇంకో పూత ఎందుకు వద్దో ఆయనకు వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు. తడికి బోర్డు ఒక పక్కకు వంగుతుందేమోనని నాకు టెన్షన్. అట్ట మీద రాసిన రోజుల్లో చేసినట్టే ఒక వైపు ఆరీఆరకముందే రెండో వైపు పూశారు. వంగలేదు.

తర్వాతి ఆదివారం అదే మడి. అంతే దూరం పోనిచ్చాను. తిప్పగానే ఎడమ రెక్క పట్టీలు రెండూ నాకు కుడి పక్కన నల్లగా కనిపించాయి. విమానం నా వైపు వస్తోంది. సిమ్యులేటర్‌లో నేర్చుకున్న సూత్రం అప్పుడు పనికొచ్చింది: ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలుతోందో స్టిక్‌ను ఆ వైపుకే జరపాలి. ఏ రెక్క వాలుతోందో ఈసారి నాకు తెలుస్తోంది. ఏడు నిమిషాలు ఎగిరి, మడిలో కొయ్యకాళ్ల మీద మెత్తగా దిగింది.

ఇంటికొచ్చాక నాన్న సన్న కుంచె అడిగి తీసుకున్నారు. తోక కింద, అందరికీ కనబడని మూల, తన బోర్డుల చివర ఎప్పుడూ రాసుకున్నట్టే చిన్న అక్షరాల్లో పేరు రాసుకున్నారు. తలకట్లు ఇప్పటికీ ఒక్క విసురులో వేస్తారు. నేను మళ్లీ త్రాసు మీద పెట్టాను. అంకె మారలేదు.