వార్మ్‌వెల్ పచ్చికలో హైదరాబాద్ పేరు

ఇంగ్లండ్‌లోని మోర్టన్ స్టేషన్‌లో మాతో పాటు దిగింది ఇంకో ఇద్దరే. రైలు వేమత్ వైపు వెళ్లిపోయాక బాపు ప్లాట్‌ఫారం మీద నిలబడి చుట్టూ చూశాడు. పొలాలు, చెట్లు, చిన్న రోడ్డు. "ఏడుంది బిడ్డా ఎయిర్‌పోర్టు?" అన్నాడు.

"ఇప్పుడు లేదు బాపూ. ఉన్న చోటు చూడ్డానికే వచ్చినం."

బేసింగ్‌స్టోక్‌లో నా ఇంటి నుంచి సౌతాంప్టన్, బోర్న్‌మౌత్, పూల్, వూల్ మీదుగా ఇక్కడిదాకా బాపు కిటికీ వదల్లేదు. ఈ దేశం వచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రయాణం లండన్‌కు కాదు, ఇక్కడికి. ఫోన్‌లో ఒకసారి మాటల్లో చెప్పాను: రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడి నుంచి ఎగిరి ఇంగ్లండ్‌ను కాపాడిన విమాన దళాల్లో ఒకదాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని. ఆ మాట ఆయన మరచిపోలేదు.

స్టేషన్ నుంచి క్రాస్‌వేస్ ఊళ్లోకి నడిచే దూరమే. బాపు మోకాళ్ల గురించి నాకు టెన్షన్‌గానే ఉంది కానీ ఆయనే ముందు నడిచాడు. చక్కటి ఇళ్లు, ముందు చిన్న తోటలు, కార్లు. ఈ ఇళ్లలో కొన్ని పాత ఎయిర్‌ఫీల్డు నేల మీదే కట్టారు. మిగతా నేలలో కొంత కంకర కోసం తవ్వేశారు. 1937లో వుడ్స్‌ఫర్డ్ పేరుతో మొదలై, మరుసటి ఏడాది వార్మ్‌వెల్‌గా పేరు మారిన ఈ స్థావరానికి యుద్ధం చివరిదాకా సిమెంటు రన్‌వే వేయలేదు. విమానాలు పచ్చిక మీద నుంచే లేచేవి, పచ్చిక మీదే దిగేవి. అందుకే వెతికినా రన్‌వే ముక్క కూడా కనబడదు. కంట్రోల్ టవర్ మాత్రం ఉంది, అందులో ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు. ఎవరింట్లోకో తొంగిచూసినట్టవుతుందని మేం దగ్గరికి పోలేదు.

స్మారక శిల రోడ్డు పక్క పచ్చిక మీద ఉంది. యుద్ధం ముగిసిన దశాబ్దాల తర్వాత, ఇక్కడ పనిచేసినవారి కోసం, ముఖ్యంగా ప్రాణాలిచ్చినవారి కోసం దీన్ని అంకితం చేశారు. పెద్దదేం కాదు. మన ఊళ్లో బొడ్రాయిని చూసినట్టే అనిపించింది నాకు. ఊరు ఎక్కడ మొదలైందో చెప్పే రాయి.

బాపుకు నాకు తెలిసినంత చెప్పాను. 1940 జూలైలో 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలతో ఇక్కడికి వచ్చింది. దక్షిణాన సముద్రం ఒడ్డున పోర్ట్‌లండ్ నౌకాస్థావరం ఉంది, దాన్నీ, ఇంగ్లిష్ ఛానల్‌లో వెళ్లే ఓడలనూ కాయడం వీళ్ల పని. ఆగస్టు 25న జర్మన్ విమానాలు నేరుగా ఈ ఎయిర్‌ఫీల్డు మీదే బాంబులు వేశాయి. హ్యాంగర్లు దెబ్బతిన్నాయి, వైద్యశాల కాలిపోయింది. తర్వాత అదే స్క్వాడ్రన్ 1943 చివర్లో మన దేశానికి వచ్చి, బర్మా యుద్ధంలో పాల్గొంది. 1944లో ఇదే పచ్చిక నుంచి అమెరికన్ల లైట్నింగ్ విమానాలు నార్మండీ మీదికి వెళ్లాయి.

"మన పేరెందుకు పెట్టిండ్రు మరి?"

"నిజాం పైసలిచ్చిండు కదా బాపూ."

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రపంచయుద్ధంలోనే 110 స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చాడు. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు వచ్చింది. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా, దస్తార్, ఉంటుంది. కింద నినాదం 'నమ్మకమైన మిత్రుడు'. బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదు కూడా అదే. ఫోన్‌లో ఆ బొమ్మ చూపిస్తే బాపు కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

"నిజాం కాడికి పైసలు ఏడికెల్లొచ్చినయ్?" అన్నాడు నెమ్మదిగా. "మా నాయిన సూర్యాపేట దిక్కు రెండెకరాల తరి పొలం చేసెటోడు. పట్వారీకి శిస్తు కట్టంగ నేను చూసిన. లడాయి దినాలల్ల లెవీ వడ్లు గూడ కొలిచినమని చెప్పెటోడు."

మా తాత కట్టిన నిజాం సర్కారు హాలీ రూపాయల్లో ఏది ఏ విమానానికి పోయిందో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రాజ్యపు రాబడిలో పెద్ద భాగం మట్టి నుంచే వచ్చేదన్నది నిజం. ఆ మట్టి దున్నినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒక్కరికైనా తమ రాజధాని పేరు ఇంగ్లండ్ ఆకాశంలో తిరిగిందని తెలిసి ఉండదు. దానికి నాకు బాధగా ఉంది. ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు గర్వం కూడా కలిగింది. రెండూ ఒకేసారి కలుగుతాయని అప్పటిదాకా నాకు తెలియదు.

రెండు రోజుల ముందే బేసింగ్‌స్టోక్‌లో మా కమ్యూనిటీ హాల్లో బతుకమ్మ ఆడుకున్నాం. మిగిలిన బంతిపూలు కొన్ని బాపు కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకొచ్చాడని నాకు అప్పుడే తెలిసింది. శిల దగ్గర, యుద్ధంలో పోయినవారి గుర్తుగా పెట్టే ఎర్రటి పాపీ పూల దండ ఒకటి వానకు తడిసి ఉంది. దాని పక్కన సగం పూలు పెట్టాడు. సగం మళ్లీ చుట్టి సంచిలో వేసుకున్నాడు.

టాక్సీ పిలిచి వార్మ్‌వెల్ ఊళ్లోని హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లాం. సన్నటి దారి, పాత రాతి గోడలు, చుట్టూ ఒకటే నిశ్శబ్దం. ఆవరణలో వైమానికుల సమాధులున్నాయి, అన్నీ ఒకే తీరు రాళ్లు. 152 స్క్వాడ్రన్‌కు చెందిన హెరాల్డ్ అక్రాయిడ్‌ది వాటిలో ఒకటి. 1940 అక్టోబర్ 7న ఆయన స్పిట్‌ఫైర్ కూలింది. ఒళ్లు కాలిన గాయాలతో మరునాడు చనిపోయాడు. మేం వెళ్లింది కూడా అక్టోబర్‌లోనే.

బాపుకు ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. వంగి, వేలు రాయికి ఆనించి, ఆ పేరు మొత్తం చదివాడు. సంచిలోంచి కాగితం తీసి మిగిలిన బంతిపూలు అక్కడ పెట్టాడు.

"పిలగాడే పాపం," అన్నాడు.